పాత జీపీఎస్‌ను మార్చే ముందు ఆలోచించవలసిన సంగతులు

ప్రశ్న: ఏడేళ్ల క్రితం నా మోటారు సైకిల్‌కు జీపీఎస్ పరికరం కొన్నాను. ‘జీవితకాలం మ్యాపుల అప్‌డేట్లు ఉచితం’ అని దాని పెట్టె మీద ముద్రించి ఉంది. ఈ మోడల్‌కు ఇకపై మ్యాపులు ఇవ్వబోమని కంపెనీ కొన్ని నెలల క్రితం ఈమెయిల్ పంపింది. ఈ మధ్య పరికరం తేదీని కూడా తప్పుగా చూపిస్తోంది. పాతది అప్పగిస్తే కొత్తదాని ధరలో తగ్గింపు ఇస్తామంటున్నారు. వారంటీ ఎప్పుడో ముగిసింది. నాకు హక్కు ఏమైనా మిగిలి ఉందా? కొత్తది బిగించుకుంటే రవాణా శాఖతో గానీ, బీమా కంపెనీతో గానీ చిక్కు వస్తుందా?

జవాబు: తగ్గింపు తీసుకోవడం, మానడం మీ ఇష్టం. పాత పరికరాన్ని మాత్రం తొందరపడి అప్పగించవద్దు. వస్తువులో లోపం ఉందని ఫిర్యాదుదారు ఆరోపించినప్పుడు, పరీక్షిస్తే తప్ప అది తేలదనుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువు నమూనాను తెప్పించి, సీలు వేసి, ప్రయోగశాలకు పంపవచ్చు. వస్తువు అవతలి పక్షం చేతికి వెళ్లిపోయాక పరీక్షించడానికి ఏమీ మిగలదు. పైగా ఇలాంటి మార్పిడి కాగితాల చివర, ఈ పరికరానికి సంబంధించి తనకు ఇక ఏ క్లెయిమూ లేదని కొనుగోలుదారు ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం చేర్చి సంతకం చేయించుకోవడం కద్దు. తగ్గింపు మీద మనసు ఉంటే, ‘నా హక్కులకు భంగం కలగకుండా’ స్వీకరిస్తున్నానని రాసి ఇవ్వండి. దానికి వారు ఒప్పుకోకపోతే ఆ తగ్గింపు దేనికి ప్రతిఫలమో మీకే అర్థమవుతుంది.

ఇక వారంటీ సంగతి. వారంటీ సాధారణంగా విడిభాగాలు, తయారీ లోపాలకు సంబంధించిన హామీ. మ్యాపుల అప్‌డేట్ల హామీ దానికంటే వేరు. పెట్టె మీద అచ్చు వేసి, ఆ మాట చూపించి వస్తువు అమ్మారు కాబట్టి, వారంటీ గడువు తీరినంత మాత్రాన అది రద్దు కాదు. అయితే కంపెనీ తరఫు వాదన కూడా ముందే తెలుసుకోండి. ‘జీవితకాలం’ అంటే కొనుగోలుదారు జీవితకాలం కాదనీ, పరికరం ఉపయోగంలో ఉండగలిగినంత కాలమనీ, మ్యాపుల సమాచారం తమకు ఇతర సంస్థల నుంచి అందినంత వరకే ఇస్తామనీ వారు షరతుల పత్రాన్ని చూపిస్తారు. ఆ షరతు పెట్టె మీదే కనిపించేలా ఉందా, లేక కొన్నాక తెరిచే వెబ్‌సైట్‌లో ఎక్కడో ఉందా అన్నదాని మీదే మీ కేసు బలం చాలావరకు ఆధారపడి ఉంటుంది. కాబట్టి పెట్టె ఆరు వైపులా స్పష్టంగా ఫొటోలు తీయండి. పరికరం దిగుమతి అయినదైతే, దిగుమతిదారు పేరు, చిరునామా ఆ పెట్టె మీదే ఉండాలి; నోటీసులో అమ్మిన దుకాణంతో పాటు వారినీ చేర్చాలి.

ఫిర్యాదును సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే రెండు కారణాల మీద రాయడం మంచిది. ఆ షరతు అన్యాయమైన ఒప్పందం కిందికి వస్తుందని కూడా వాదించవచ్చు గానీ, అలాంటి ఫిర్యాదులను 47వ సెక్షన్ రాష్ట్ర కమిషన్‌కు అప్పగించింది. ఒక జీపీఎస్ కోసం అంత దూరం వెళ్లమని నేను సలహా ఇవ్వను. 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంఘటన, తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మ్యాపుల విషయంలో ఆ గడువును కొన్న తేదీ నుంచి కాక, ఇకపై ఇవ్వబోమని చెప్పిన నాటి నుంచి లెక్కించాలన్నది మీ వాదన కావాలి. కాబట్టి ఆ ఈమెయిల్‌ను చెరిపేయకండి. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఊరుకోవద్దు. ఉత్తరాలు నడిచినంత మాత్రాన గడువు ఆగదు.

తేదీ తప్పడం మరో సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు పంపే వారం సంఖ్య నుంచి పరికరం తేదీని లెక్కగడుతుంది. పాత తరహా సంకేతంలో ఆ సంఖ్య 1,024 వారాలకు ఒకసారి మళ్లీ సున్నాకు వస్తుంది. చివరిసారి 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా జరిగింది. దీన్ని సరిచూసుకునే లెక్కను కొన్ని పరికరాల్లో మరో తేదీ నుంచి పెట్టడంతో, అవి వేరే రోజు నుంచి తప్పు తేదీ చూపుతాయి. కారణం అదే అయితే ఆ లోపాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయవచ్చు. పరికరానికి వయసైపోయిందన్న జవాబుతో తృప్తిపడక, కారణాన్ని సర్వీస్ సెంటర్ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి.

ఏడేళ్లు వాడిన వస్తువుకు పూర్తి ధర వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోకండి. కొంత పరిహారం, ఖర్చులు, లేదా మెరుగైన మార్పిడి న్యాయంగా అడగదగ్గవి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, తరువాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అప్పటికీ దారికి రాకపోతే మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. కొన్న ధర ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు.

కొత్త పరికరం బిగించడం వల్ల రవాణా శాఖతో చిక్కు రాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నిషేధించేది, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్న వాటితో సరిపోలకుండా పోయేలా వాహనాన్ని మార్చడాన్ని. హ్యాండిల్ మీద బిగించి, విప్పగలిగే జీపీఎస్ అలాంటి మార్పు కాదు. చేత్తో పట్టుకుని వాడే పరికరాలను సైతం, ఏకాగ్రత చెడకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే వాడుకోవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాల జోలికి మాత్రం వెళ్లకండి. దూరసంచార శాఖ అనుమతి లేకుండా అలాంటివి దగ్గర ఉంచుకోవడమే నేరం. విదేశాల నుంచి బంధువులు తెచ్చి ఇచ్చినా ఇదే వర్తిస్తుంది.

బిగించేటప్పుడు హెడ్‌లైట్ వైరు తొక్క ఒలిచి కరెంటు తీసుకోకుండా, బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజుతో లాగించి, ఆ పనికి బిల్లు తీసుకోండి. రేపు వైరింగ్ కాలిపోతే, వారంటీ ఇవ్వాల్సినవారూ బీమావారూ మొదట వేలెత్తి చూపేది ఆ అతుకునే.

బీమా విషయంలో చాలామందికి తెలియని షరతు ఒకటుంది. ద్విచక్ర వాహనాల సమగ్ర పాలసీ ప్రామాణిక షరతుల ప్రకారం, అదనపు సామగ్రి మాత్రమే దొంగతనానికి గురై బండి అక్కడే ఉంటే పరిహారం రాదు. బండితో సహా పోతేనే వస్తుంది. కంపెనీ నుంచి బండితో పాటు రాని ఎలక్ట్రానిక్ సామగ్రికి విలువ ప్రకటించి, అదనపు ప్రీమియం కట్టి, ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జోడించే అదనపు షరతు) వేయించుకోవాలి. కొత్త పరికరం కొన్న బిల్లు నకలును బీమా కంపెనీకి పంపి ఆ ఎండార్స్‌మెంట్ అడగండి. బండి ఆపి దిగినప్పుడల్లా పరికరాన్ని విప్పి వెంట తీసుకువెళ్లండి.