మెటాక్రిటిక్‌లో 80 దాటని గేమ్ కొనకూడదా?

అడిగిన ప్రశ్న ఇది: ఇంట్లోకి కొత్తగా పీఎస్5 వచ్చింది, ఒక్కో గేమ్ ఐదు వేల దాకా పలుకుతోంది, పత్రికల రివ్యూ మార్కులన్నీ కలిపి వందకి సగటు కట్టే మెటాక్రిటిక్ సైటులో 80 కంటే తక్కువ వచ్చినవాటి జోలికి పోవద్దని ఆఫీసులో ఒకాయన చెప్పారు, ఆయన మాట వినొచ్చా అని.

వినకండి. వింటే మంచి గేమ్‌లు సగం మీ చేతిదాకా రావు. నన్నడిగితే 70కీ 80కీ మధ్య ఉన్నవే వెతుక్కుని ఆడాల్సినవి. 95 వచ్చినదాని గురించి ఎలాగూ ఊరంతా చెబుతుంది. 72 వచ్చిందంటే అందులో ఏదో ఒకటి విమర్శకుడికి పడలేదు. అదేంటో చూడండి. మీకు అదొక లెక్కలోది కాకపోతే ఆ గేమ్ మీకు 90 కిందే జమ.

అందుకే నేను అంకె చూడను, దాని కింద రాసిన రెండు ముక్కలు చదువుతాను. 2014లో ఐజీఎన్ అనే గేమ్ రివ్యూల సైటు వాళ్ళు పోకెమాన్ ఒమేగా రూబీ, ఆల్ఫా శాఫైర్‌లకి 7.8 ఇచ్చి, నచ్చనివాటిలో 'నీళ్ళు మరీ ఎక్కువ' అని ఒక ముక్క రాశారు. గేమ్‌లు ఆడేవాళ్ళంతా పడీ పడీ నవ్వారు, ఆ జోకు ఇప్పటికీ నడుస్తోంది. నేను మాత్రం రాసిన మనిషి పక్షమే. ఆ గేమ్‌లో సగం దాటాక ఎటు చూసినా సముద్రమే. నాలుగు బారలు ఈదామో లేదో టెంటాకూల్ అనే జెల్లీచేప లాంటి పోకెమాన్ ఒకటి అడ్డొస్తుంది, దాన్ని వదిలించుకుని ఇంకో నాలుగు బారలు వేస్తే ఇంకోటి. కొనేవాడు తెలుసుకోవాల్సింది ఆ మూడు మాటల్లోనే ఉంది. 7.8లో ఏముంది?

ఇలా చదవడం నాకు అలవాటు చేసింది ఏ పత్రికా కాదు, ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక సీడీల కొట్టాయన. రెండు వేల సంవత్సరం దాటాక కొత్తగా కంప్యూటర్లు ఇళ్ళకొస్తున్న రోజులు. అసలు సీడీ ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూసి ఉండరు, అన్నీ కాపీలే. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉండేది, రబ్బరు బ్యాండు వేసి పెట్టేవాడు. ఎడమ పక్క గేమ్ పేరు, తెలుగులో, తనకు తోచిన స్పెల్లింగులో. కుడి పక్క ఎర్ర రీఫిల్లుతో తీర్పు. ఎప్పుడూ ఒక్క లైను దాటేది కాదు.

మాక్స్ పేన్ పక్కన 'రాత్రి ఒక్కడివే ఆడకు' అని ఉండేది. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంటే చీకట్లో నెత్తుటి గీత మీద నడవాల్సిన ఆ పీడకల ఘట్టం ఆడినవాళ్ళకి ఆయన ఎందుకలా రాశాడో తెలుస్తుంది. వైస్ సిటీ పక్కన 'హెలికాప్టర్ దాకా సూపర్' అని. బొమ్మ హెలికాప్టర్‌తో నాలుగు బాంబులు మోసుకెళ్ళి కడుతున్న బిల్డింగులో పెట్టే మిషన్ అది. కీబోర్డు మీద దాన్ని తిప్పలేక ఆంధ్రదేశంలో సగంమంది పిల్లలు అక్కడే ఆగిపోయారు, ఆయన కూడా ఆగిపోయాడనే నా అనుమానం. క్రికెట్ 2007 పక్కన 'మనోళ్ళ పేర్లు ఉండవు, పేర్లు కావాలంటే పది ఎక్కువ'. ఆ గేమ్ చేసిన ఈఏ కంపెనీకి మన జట్టు హక్కులు లేక ఆటగాళ్ళకి ఏవో వంకర పేర్లు పెట్టారు. ఈయన ఎక్కడో ప్యాచ్ సంపాదించి సరిచేసి ఇచ్చేవాడు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పక్కన 'నాన్న అడిగితే: హిస్టరీ'.

నేను ఐజీఐ అడిగిన రోజు మాత్రం ఆయన నోట్‌బుక్ తియ్యలేదు.

"మీదే ఏరియా?" అన్నాడు.

"లాయర్‌పేట అన్నా."

"అక్కడ పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా తీస్తున్నారుగా. పదకొండు తర్వాత మొదలెట్టు. యూపీఎస్ ఉందా?"

"ఉందన్నా, బ్యాటరీ వీకు."

"అయితే లేనట్టే."

ఆ తర్వాత నోట్‌బుక్ తిప్పి చూపించాడు: 'సేవ్ లేదు. కరెంటు చూసుకో.'

ఐజీఐ ఆడనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. నార్వేలో ఇన్నర్‌లూప్ అనే స్టూడియో చేసిన గేమ్, 2000 చివర్లో వచ్చింది. పద్నాలుగు మిషన్లు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు, చస్తే మళ్ళీ మొదట్నించే. ఇంగ్లీషు పత్రికలూ ఇదే పట్టుకుని తిట్టాయి. కాకపోతే వాళ్ళకి పోయేది ఓపిక, మాకు పోయేది కరెంటు. రెండేళ్ళ తర్వాత ఐజీఐ 2లో సేవ్ పెట్టారు, అదీ మిషన్‌కి ఇన్నిసార్లే అని పరిమితి పెట్టి.

ఆ వేసవిలో ఒకరోజు పదకొండు దాటాకే కూర్చున్నాను. కంచె దాటి, కాపలా గదుల వెనక నక్కుతూ, ఒక్కొక్కణ్ణీ చప్పుడు కాకుండా లేపేసుకుంటూ చివరిదాకా వచ్చేశాను. కెమెరాలు ఆపేద్దామని కంప్యూటర్ ముందు నిలబడి హ్యాక్ చేస్తుంటే ఎవడో చూశాడు. అలారం మోగింది. ఆ గేమ్‌లో అలారం మోగిందంటే బ్యారక్‌లోంచి సైనికులు వస్తూనే ఉంటారు, చంపేకొద్దీ వస్తారు. సరిగ్గా అప్పుడే పైన ఫ్యాను నెమ్మదించింది. టేబుల్ కింద యూపీఎస్ కుయ్ కుయ్ మనడం మొదలెట్టింది. గేమ్‌లో ఒక కూత, కాళ్ళ దగ్గర ఒక కూత. "కరెంటు పోయింది, కంప్యూటర్ ఆపరా, యూపీఎస్ కాలిపోద్ది" అని వంటింట్లోంచి అమ్మ. ఒక్క నిమిషం అమ్మా, ఒక్క నిమిషం అంటూ తలుపు వైపు పరిగెత్తాను. కూతకీ కూతకీ మధ్య ఎడం తగ్గిపోయి, అంతా కలిసి ఒకటే పొడుగు కూతయింది. తెర మధ్యలోకి ముడుచుకుని ఆరిపోయింది. గదిలో చెమట, నేను.

మర్నాడు వెళ్ళి జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. నోట్‌బుక్ తెరిచి ఐజీఐ లైను కింద ఇంకో ముక్క కలిపాడు: 'యూపీఎస్ వీకైతే అస్సలొద్దు.'

ఈ ఆఖరి పని పెద్ద సైట్లు ఎప్పుడో గానీ చెయ్యవు. మెటాక్రిటిక్ ఒక పత్రిక మొదట ఇచ్చిన స్కోరునే లెక్కలో వేసుకుంటుంది, తర్వాత ఆ పత్రికే మనసు మార్చుకున్నా ఒప్పుకోదు. గేమ్ మాత్రం మారిపోతూనే ఉంటుంది. సైబర్‌పంక్ 2077 సంగతే చూడండి. 2020 డిసెంబరులో వచ్చింది. విడుదలకి ముందు విమర్శకులకి పీసీ కాపీలే ఇచ్చారు, వాళ్ళు మంచి మెషీన్ల మీద ఆడి తొమ్మిదులు వేశారు. పీఎస్4 మీద కొన్నవాళ్ళకి చూస్తే మనుషులు గోడల్లో ఇరుక్కుపోవడాలు, గేమ్ మధ్యలో ఆగిపోవడాలు. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసింది, మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చేసరికి అది దాదాపు వేరే గేమ్. ఇప్పుడు ఆ పేజీలో కనిపించే అంకె ఏ గేమ్‌ది? ఆ ఒంగోలాయన అయితే ముందు 'నీ దగ్గర ఏ మెషీన్?' అని అడిగేవాడు, అప్‌డేట్ వచ్చిన రోజున లైను కొట్టేసి కొత్తది రాసేవాడు.

ఇక అంకెల సంగతి. ఇది మన ఇంటర్ మార్కుల వ్యవహారం లాంటిది. వెయ్యికి 900 వస్తే పక్కింటివాళ్ళు "పర్లేదులే" అంటారు చూడండి, గేమ్‌లకి 7 అంటే అదే. ఒకటి నుంచి పది దాకా ఉన్న కొలతలో వాడేది చివరి నాలుగు అంకెలే. మెటాక్రిటిక్ కూడా ఈ జబ్బుని ఒప్పేసుకుంది: సినిమాకి 61 వస్తే పచ్చరంగు వేస్తుంది, గేమ్‌కైతే 75 రావాలి. 74 వచ్చిన గేమ్ పసుపు రంగులో జ్వరమొచ్చినట్టు కనబడుతుంది. ఆ సగటు కూడా మామూలు సగటు కాదు, ఒక్కో పత్రికకి ఒక్కో బరువు, ఎవరికెంతో బయటికి చెప్పరు. అట్టడుగు అంకెలు వాడాలంటే బిగ్ రిగ్స్ లాంటిది రావాలి. 2003లో వచ్చిన లారీల రేసు అది. ఎదుటి లారీ కదలదు, మన లారీ ఇళ్ళలోంచి దూరిపోతుంది, రివర్సులో వేగానికి హద్దే లేదు. దానికి 8 వచ్చింది. పదికి కాదు, వందకి.

ఈ ఒక్కో మార్కు మీద జీతాలు ఆధారపడతాయని తెలిసినప్పటి నుంచి నాకు అంకె అంటేనే చిరాకు. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగస్‌కి మెటాక్రిటిక్‌లో 85 వస్తే చేసిన స్టూడియో అబ్సిడియన్‌కి బోనస్ వస్తుందని ఒప్పందం. వచ్చింది 84. ఆ మాట స్టూడియోలోని క్రిస్ అవెలోనే 2012లో బయటపెట్టారు. అదే న్యూ వేగస్‌ని ఆ వరుసలో అన్నిటికన్నా గొప్పదని ఈరోజు చెప్పేవాళ్ళు కోకొల్లలు, నేనూ చెబుతాను. ఆ ఒక్క మార్కు ఎవరు కోశారో గానీ.

జపాన్‌లో ఫామిట్సు పత్రిక పద్ధతి నాకు కాస్త నచ్చుతుంది. నలుగురు మనుషులు, తలా పదికి, తలా నాలుగు లైన్లు. మొత్తం 40. మొదటిసారి 40కి 40 కొట్టింది 1998లో జెల్డా ఒకరీనా ఆఫ్ టైమ్. మెటాక్రిటిక్‌లో 99తో ఇప్పటికీ అందరికన్నా పైన ఉన్నదీ అదే. నలుగురి అంకెలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకడు 9 వేసి ఇంకొకడు 6 వేస్తే అక్కడేదో గొడవ ఉందని తెలిసిపోతుంది. సగటులో ఆ గొడవే మాయమైపోతుంది. నేను చదివేది ఎప్పుడూ ఆ 6 వేసినవాడి నాలుగు లైన్లే. బ్రిటన్‌లో ఎడ్జ్ పత్రిక 1994లో డూమ్‌కి 7 వేసి, ఈ రాక్షసులతో మాట్లాడగలిగితే ఎంత బాగుండేది అని రాసింది. దానికీ నవ్వారు. కానీ ఆ ఒక్క వాక్యంతో డూమ్ ఏంటో తెలియలేదూ? ఎదురొచ్చిన ప్రతిదాన్నీ కాల్చడం తప్ప వేరే పని ఉండదని. నాకు కావాల్సిందీ అదే.

తెలుగు యూట్యూబ్ రివ్యూల గురించి అడగలేదు గానీ చెబుతా. ప్రతి గేమూ 'వేరే లెవెల్', ప్రతి గేమూ పదికి తొమ్మిదిన్నర, థంబ్‌నెయిల్‌లో నోరు తెరుచుకున్న మొహం. మన దగ్గర ఆడేవాళ్ళకి కావాల్సిన సంగతులు ఒక్కడూ చెప్పడు: డౌన్‌లోడ్ ఎన్ని జీబీలు, నెట్ లేకుండా నడుస్తుందా, అక్షరాలు సోఫాలోంచి కనపడతాయా, మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆపుకోవచ్చా. ఆఫీసు నుంచి వచ్చి అరగంట ఆడుకునేవాడికి 'మొదటి పది గంటలు ఓపిక పట్టండి' అంటే ఏం లాభం?

మీ విషయానికొస్తే, ఏ గేమ్ కొనబోతున్నా దానికి తక్కువ మార్కులు వేసిన ఇద్దరు ముగ్గురి తీర్పులు ముందు చదవండి. వాళ్ళు తిట్టింది మీకు ఇబ్బంది కాదనిపిస్తే కొనెయ్యండి, అంకె 68 అయినా సరే. ఇంకోటి, మీకు పీసీ వాళ్ళలా ఆడి చూసి వెనక్కిచ్చే వీలు లేదు. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో అయితే కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలైందంటే, గేమ్‌లోనే లోపముంటే తప్ప, ఆ డబ్బు పోయినట్టే. మీది డిస్క్ పెట్టే మోడలో కాదో మీరు రాయలేదు. పెట్టేదే అయితే డిస్కే కొనండి, నచ్చకపోతే సెకండ్ హ్యాండ్‌లో అమ్మేసుకోవచ్చు.