పళ్ళు ఊడిపోవురా, వెళ్ళి గార తీయించుకో

విశాఖపట్నం

చిరంజీవి చిన్నాకి,

మేనత్త ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేదాన్ని. ఈలోగా వెనకనించి మీ అమ్మ అందుకుంది కదా, "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయట వదినగారూ" అని. ఇంక ఇది ఫోన్లో తేలే సంగతి కాదని ఊరుకున్నాను. జీవితమంతా జనాల నోళ్ళలోకి చూస్తూ గడిపిన ఆడపడుచు ఉండగా మీ అమ్మకి పక్కింటావిడ మాటే వేదం. అందుకే రాసి పంపుతున్నాను. ఆవిడకీ చదివి వినిపించు.

ముందు నీ సంగతి. ఆఫీసు క్యాంపులో "గార ఉంది, స్కేలింగ్ చేయించుకోండి" అని చీటీ రాసిచ్చారు. స్కేలింగ్ అంటే గార ఊడదీయడం, మీ అమ్మ అనే క్లీనింగ్ అదే. నీకు నొప్పి లేదు, పుచ్చూ లేదు, కాబట్టి ఇదేదో డబ్బులు గుంజే ఎత్తు అని నీ అనుమానం. నొప్పి లేదన్నావు చూడు, చిక్కంతా అక్కడే ఉంది. పన్ను పుచ్చితే ఏదో ఒక అర్ధరాత్రి నిన్ను లేపి కూచోబెడుతుంది, మర్నాడు నువ్వే పరిగెత్తుతావు. చిగుళ్ళ జబ్బు అలా లేపదు. పంటిని పట్టి ఉంచే ఎముకని ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తినుకుంటూ పోతుంది, కిక్కురుమనదు. పళ్ళు కదులుతున్నాయని నా దగ్గరకొచ్చిన పెద్దవాళ్ళు చాలామంది ఒకటే మాట అనేవారు: "ఒక్క పన్నూ పుచ్చలేదమ్మా, నొప్పన్నదే ఎరగను." నిజమే, అబద్ధం కాదు. పుచ్చు మచ్చ లేని పళ్ళే వేళ్ళతో సహా చేతిలోకొచ్చేవి. అలా పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. పోకుండా ఆపగలం, అంతే.

ఇదెలా జరుగుతుందో చెప్తాను. పొద్దున్న లేవగానే పళ్ళమీద జిగురుగా తగిలేది పాచి. అందులో ఉండేది అన్నం మెతుకులు అనుకుంటారు గానీ, చాలామటుకు బాక్టీరియా. మెత్తగా ఉన్నంతకాలం బ్రష్షుకి వచ్చేస్తుంది. అందని చోట మిగిలిపోయిందా, లాలాజలంలో ఉండే కాల్షియం, ఫాస్ఫేటు అందులోకి దిగి కొద్ది రోజుల్లోనే గట్టిపడడం మొదలెడుతుంది. అదే గార. మన గాజువాక ఇంట్లో బోరు నీళ్ళకి గీజరు రాడ్డు మీద తెల్లగా పెచ్చు కట్టేది, గుర్తుందా? అలాంటిదే. ఒకసారి గార కట్టాక నువ్వెంత తోమినా రాదు. బ్రష్షు అరుగుతుంది, చిగురు ఒరుసుకుపోతుంది, గార మాత్రం ఉన్నచోటే ఉంటుంది. గరుగ్గా ఉంటుంది కాబట్టి దానిమీద కొత్త పాచి ఇంకా సులువుగా కూర్చుంటుంది. ఆ పాచి చిగురుకి ఆనుకునే ఉంటుంది గనక చిగురు వాస్తుంది, తర్వాత పంటినించి విడివడి లోపల సంచిలా తెరుచుకుంటుంది. దాన్నే పాకెట్ అంటాం. అందులోకి నీ బ్రష్షు ఏ జన్మకీ వెళ్ళదు.

ఇప్పుడే ఒక పని చెయ్యి. నాలుక కొనతో కింది ముందుపళ్ళ వెనకవైపు తడిమి చూడు. పంటికీ పంటికీ మధ్య సందు తెలియకుండా గరుగ్గా తగిలితే అదంతా గారే. నాలుక కింది లాలాజల గొట్టాలు అక్కడే తెరుచుకుంటాయి, అందుకని ముందు అక్కడ కడుతుంది. రెండో చోటు పై దవడపళ్ళ బుగ్గవైపు. అక్కడా అంతే, బుగ్గలోంచి వచ్చే గొట్టం సరిగ్గా ఆ పళ్ళకి ఎదురుగా తెరుచుకుంటుంది.

ఈ పాచి మాట మీద నమ్మకం లేకపోతే డెన్మార్క్‌లో 1965లో బయటపెట్టిన పరీక్ష ఒకటుంది. హెరాల్డ్ లో (Löe) అనే పరిశోధకుడు, తోటివాళ్ళు కలిసి, చిగుళ్ళు శుభ్రంగా ఉన్న పన్నెండు మంది చేత పళ్ళు తోమడం మాన్పించారు. పదినించి ఇరవయ్యొక్క రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమించడం మొదలెడితే వారం పదిరోజుల్లో మామూలైపోయాయి. ఆ దశలో జబ్బు వెనక్కి మళ్ళుతుంది. ఎముకదాకా దిగాక మళ్ళదు.

ఇప్పుడు మీ అమ్మ భయం. స్కేలింగ్ పరికరం కొన సెకనుకి పాతికవేల సార్లకి పైగా అదురుతుంది, పక్కనించి నీళ్ళు చిమ్ముతూంటాయి. ఆ అదురుకి గార పెచ్చులుగా విరిగి ఊడుతుంది. కింది పళ్ళ వెనక ఏళ్ళుగా కట్టినదైతే ఒక్కోసారి బియ్యపు గింజంత ముక్క టక్కున ఊడి సక్షన్ గొట్టంలో గలగలమంటుంది. కొందరికి దాన్ని పళ్ళెంలో పెట్టి చూపించేదాన్ని. "ఇది నా నోట్లోదేనా?" అని మొహం అదోలా పెట్టేవారు. పంటి పైపూత, ఎనామిల్, మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. చెయ్యి తెలిసినవాళ్ళు చేస్తే దానికేం కాదు.

మరి పళ్ళు వదులైనట్టు ఎందుకనిపిస్తుందీ అంటే, అది ఉత్త భ్రమ అని కొట్టిపారెయ్యను. ఎముక అప్పటికే కరిగిపోయి, గార దిమ్మే పళ్ళని ఒకదానికొకటి పట్టి ఉంచుతున్న నోళ్ళు ఉంటాయి. గార తీస్తే అసలు కదలిక బయటపడుతుంది. సందులూ అంతే. అవి మునుపే ఉన్నాయి, గార పూడ్చేసింది. వాచిన చిగురు వాపు దిగి కాస్త వెనక్కి వెళ్ళడంతో ఇంకొంచెం కనిపిస్తాయి. నాలుగైదు రోజులు చల్లనీళ్ళు జివ్వుమంటాయి, తర్వాత సర్దుకుంటుంది. పక్కింటావిడ పళ్ళు వదులయ్యాయంటే ఆవిడ పదేళ్ళు ఆలస్యంగా వెళ్ళిందని అర్థం. ఈ వాక్యం మాత్రం మీ అమ్మకి కాస్త మెల్లగా చదువు.

ఎన్నాళ్ళకోసారి అని అడిగావు. ఆరునెలలకోసారి అని గోడల మీద రాసుంటుంది, నేనూ అదే చెప్పేదాన్ని. కానీ అదేం శిలాశాసనం కాదు. 2018లో కాక్రేన్ సమీక్ష, అంటే జరిగిన పరీక్షల్ని ఏరి కలిపి తూచే నివేదిక, ఒకటి వచ్చింది. చిగుళ్ళు పెద్దగా చెడని, క్రమం తప్పకుండా చెకప్‌లకి వెళ్ళే పెద్దవాళ్ళని రెండుమూడేళ్ళు గమనిస్తే, ఆరునెలలకోసారి చేయించుకున్నవాళ్ళకీ అసలు చేయించుకోనివాళ్ళకీ చిగుళ్ళ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని అందులో తేలింది. గార మాత్రం కాస్త తగ్గింది. ఇది చదివి ఎగిరి గంతెయ్యకు. ఆ పరీక్షల్లో ఉన్నవాళ్ళు బ్రిటన్‌లో డాక్టరు కంటికి కనబడుతూనే ఉన్న జనం. మనవాళ్ళు తొలిసారి పళ్ళ డాక్టరు గడప తొక్కేదే పన్ను పీకించుకోడానికి. నా లెక్క ఇది: చిగుళ్ళు బాగుండి, ఇంట్లో సరిగా తోముకునేవాడికి ఏడాదికోసారి చాలు. గార తొందరగా కట్టేవాళ్ళకి ఆరునెలలు. ఎముక దెబ్బతిన్నవాళ్ళకి మూడునాలుగు నెలలు. నీది ఏ లెక్కో నీ నోరు చూసినవాళ్ళు చెప్పాలి.

అందుకే నా దృష్టిలో ఆ కుర్చీలో కూర్చోవడానికి అసలు ఫలితం మెరుపు కాదు, నొప్పి పుట్టకముందే ఒకరు లోపల కొలిచి చూడడం. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరం ఉంటుంది, దాన్ని ప్రోబ్ అంటారు. దాన్ని చిగురు అంచున దించుతూ డాక్టరు పక్కనున్న అమ్మాయికి "మూడు, రెండు, మూడు" అని చెప్తుంటే మంచిదే. నాలుగు, అయిదు, ఆరు అని వినబడితే చెవులు రిక్కించు. అప్పుడు పైపై స్కేలింగ్ సరిపోదు, మత్తుసూది వేసి పంటి వేళ్ళదాకా శుభ్రం చెయ్యాలి. అసలు కొలవకుండానే గర్రుమని ఇరవై నిమిషాల్లో పంపేస్తుంటే, "పాకెట్స్ చూశారా అండీ?" అని అడుగు. మొహమాటపడకు.

చిగుళ్ళనించి రక్తం రాదు గనక నాకేం లేదు అనుకుంటావేమో. ఆఫీసు కింద టీకొట్టు దగ్గర నువ్వు కాల్చేది నాకు తెలియదనుకోకు. నికోటిన్ రక్తనాళాలని బిగించేస్తుంది, లోపల జబ్బు ముదురుతున్నా రక్తం పైకి కనబడదు. కాల్చేవాడి చిగుళ్ళు చూడ్డానికి పాలిపోయి, గట్టిగా, బుద్ధిమంతంగా ఉంటాయి.

కాల్చడమంటే గుర్తొచ్చింది. మన ఉత్తరాంధ్ర తీరంలో ముసలమ్మలు అడ్డపొగ తాగడం చూశావుగా, చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని. జాలరిపేటనించి ఒకావిడ కింది పళ్ళమీద గార నాలుకకి గుచ్చుకుంటోందని వచ్చింది. దానికే వచ్చింది, ఇంకే బాధా లేదంది. తల వెనక్కి వాల్చి అద్దం పెట్టి చూస్తే అంగిలంతా తెల్లగా మందమెక్కి, మధ్యలో ఎర్రటి చుక్కలు. అడ్డపొగ తాగేవాళ్ళకి అది మామూలే. ఒక పక్కన మచ్చ మాత్రం నాకు నచ్చలేదు. అప్పటికప్పుడు మన పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రాసిచ్చి ముక్క పరీక్ష చేయించుకోమన్నాను. ఇంకా క్యాన్సర్ కాలేదు, ఆ దారిన పడిందని తేలింది. తీసేశారు. గార గుచ్చుకోకపోతే ఆవిడ వచ్చేదీ కాదు, అంగిలి ఎవరూ చూసేదీ లేదు.

మీ నాన్న సంగతి. తమ్ముడికి షుగరు ఉంది గనక నీకంటే వాడికే ఇది ముఖ్యం. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు మాట వినదు. చిగుళ్ళకి సరైన వైద్యం జరిగాక మూణ్ణెల్ల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, సుమారు 0.4 పాయింట్ల దాకా తగ్గుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. మందులు మానమని కాదు, మందులతోబాటు. వాడికి స్టెంటు వేశాక రక్తం పలచబడే మాత్రలు ఇస్తున్నారు కదా. "క్లీనింగ్ ఉంది, రెండ్రోజులు ఆపేస్తాను" అని సొంత వైద్యం చేస్తాడేమో, ఆపనివ్వకు. మాత్రల పేర్లు డాక్టరుకి ముందే చెప్తే చాలు, ఆపాలో వద్దో గుండె డాక్టరుతో మాట్లాడి వాళ్ళే చెప్తారు.

కోడలు పిల్లకి అయిదో నెల కదా. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఉబ్బి రక్తం వస్తుంది. కాన్పయ్యాక చూద్దాంలే అని మీ అమ్మ అంటుంది. అక్కర్లేదు, క్లీనింగ్ వల్ల బిడ్డకి ఏ హానీ ఉండదు, కుర్చీలో వెనక్కి వాలడానికి ఈ నెలలే హాయి. కడుపుతో ఉన్నానని ముందే చెప్పమను, అంతే.

ఎక్కడికెళ్ళాలంటే, ఎంవీపీ కాలనీలోనో ద్వారకానగర్‌లోనో ప్రతి సందుకీ ఒక క్లినిక్ ఉంది. ఖర్చు ఎక్కువనిపిస్తే భీమిలి రోడ్డున రుషికొండ దగ్గర గీతం డెంటల్ కాలేజీ ఉంది, సంగివలసలో అనిల్ నీరుకొండ కాలేజీ ఉంది. కాలేజీల్లో పిల్లలు నేర్చుకుంటూ చేస్తారు, మేష్టర్లు వెనక నిలబడి చూస్తారు. సగం పూట పోతుంది, కానీ అంత ఓపిగ్గా కొలిచి రాసుకునేవాళ్ళు బయట తక్కువ. ఎక్కడైనా సరే, పరికరాలు నీ ముందే సీలు కవరు చింపి తియ్యాలి. ఒక్క పూటలో తెల్లగా మెరిపిస్తామనేవాళ్ళ జోలికి పోకు. రోడ్డు పక్కన ఏదో ద్రావకంతో రుద్దేవాళ్ళయితే అది యాసిడ్, గారతోపాటు ఎనామిల్ని కూడా తినేస్తుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు పాలరంగులోకి వస్తాయని నువ్వూ ఆశపడకు. టీ మరకలు పోతాయి, పంటి సొంత రంగు పసుపైతే పసుపే ఉంటుంది.

ఇంట్లో తోమేది సరిగా లేకపోతే ఇదంతా మూణ్ణాళ్ళ ముచ్చటే. మెత్తటి బ్రష్షు, కుచ్చు చిగురూ పన్నూ కలిసే చోటికి ఏటవాలుగా, రెండు నిమిషాలు, రాత్రి పడుకునే ముందు తప్పనిసరిగా. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు ఏదైనా ఒకటే, ప్రకటనలు చూసి మార్చకు. సందుల్లోకి సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్షు మందుల షాపులో దొరుకుతుంది, ఏ సైజో డాక్టర్నే అడుగు. మీ నాన్న ఉప్పూ బొగ్గుపొడీ మాన్పించు, వాడి కోరపళ్ళ మెడలు ఇప్పటికే గాడిపడి ఉన్నాయి.

వచ్చే శనివారానికి ముగ్గురికీ కలిపి టైము తీసుకో. వాళ్ళు రాసిచ్చిన కొలతల కాగితం ఫోటో తీసి నాకు పంపు, అంకెలు చూసి మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో నేను చెప్తాను. మీ అమ్మ రానంటే బలవంతపెట్టకు, తోడుగా తీసుకెళ్ళి పక్కన కుర్చీలో కూర్చోబెట్టు.

మీ
అత్త