ఘాట్‌లో గేరు ఎప్పుడు మార్చాలి?

ప్రశ్న: మా ట్రైలర్ బండి లోడుతో కలిపి 55 టన్నులు. 2300 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 300 హెచ్‌పీ (హార్స్‌పవర్), 1100 నుంచి 1700 ఆర్‌పీఎం దాకా 1100 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) అని పుస్తకంలో ఉంది. ఒక డ్రైవరు ఘాట్‌లో ఆర్‌పీఎం మీటరు ముల్లును 1400 దాటనివ్వడు, టార్కంతా అక్కడే ఉందంటాడు. ఇంకొకతను 2000 పైన పెట్టి లాగుతాడు. ఎవరి మాట వినాలి?
– ట్రైలర్ యజమాని, గాజువాక

జవాబు: ఇద్దరి మాటా వినండి, ఒకరిది చదును రోడ్డు మీద, రెండోవారిది ఎత్తు మీద. బండిని లాగేది ఇంజన్ దగ్గరున్న టార్క్ కాదు, చక్రం దాకా చేరిన టార్క్. దాన్ని గేర్లు ఎన్ని రెట్లయినా చేస్తాయి, అన్ని రెట్లూ వేగాన్ని కోసేస్తాయి. ఈ బేరం మొత్తాన్ని ఒక్క అంకెలో చెప్పేదే హార్స్‌పవర్. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 1400 దగ్గర మీ ఇంజన్ ఇచ్చేది 161 కిలోవాట్లు, అంటే 216 హెచ్‌పీ. 2300 దగ్గర టార్క్ 930కి దిగిపోయినా చేతికొచ్చేది 224 కిలోవాట్లు.

ఇప్పుడు ఘాట్ లెక్క చూడండి. వంద మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు మీద 55 టన్నులు వెనక్కి గుంజే బలం సుమారు 27 వేల న్యూటన్లు. టైర్ల రాపిడికి ఇంకో 4 వేలు వేసుకోండి. ఈ వేగాల్లో గాలిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. గేర్‌బాక్స్‌లో, హౌసింగ్‌లో (వెనక యాక్సిల్ గేర్లలో) నూటికి 12 పోతుందనుకుంటే, 1400 మీద ఎక్కే బండి గంటకు 16, 17 కిలోమీటర్ల దగ్గర నిలబడుతుంది. తగిన గేరులో 2300 మీద ఎక్కితే 23 వస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తుకు ఒకరికి 36 నిమిషాలు, మరొకరికి 26. చదును మీద సంగతి వేరు. అక్కడ అంత పవర్ అవసరమే లేదు కాబట్టి ఆర్‌పీఎం మీటరు మీది పచ్చ గీత లోపల, టాప్ గేరులో, 1200–1500 మధ్య నడిపేవాడే డీజిల్ మిగిలిస్తాడు.

1400 మీద ఎక్కడం తప్పేమీ కాదు, ముల్లు అక్కడ కదలకుండా నిలబడినంత వరకు. కిందికి జారుతుంటేనే ప్రమాదం. 2300 నుంచి 1700కు పడేటప్పుడు టార్క్ 930 నుంచి 1100కు పెరుగుతుంది గనక ఇంజన్ తనంతట తాను నిలదొక్కుకుంటుంది. 1100 దిగిందా, టర్బోకు (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) గాలి చాలదు, టార్క్ కూడా పడుతుంది, బండి ఇంకా నెమ్మదిస్తుంది, టార్క్ ఇంకా పడుతుంది. పైగా వాటర్ పంపు, ఫ్యాను నెమ్మదిస్తాయి. ఎక్సలేటర్ మాత్రం నేలకు తొక్కే ఉంటుంది. సైలెన్సర్‌లోకి పోయే పొగ వేడెక్కేదీ, బేరింగుల మీద ఒత్తిడి పెరిగేదీ ఇక్కడే.

అందుకే గేరు ఎప్పుడు దించాలన్నదే అసలు విషయం. ఇదే ఎత్తు మీద క్లచ్ తొక్కిన ప్రతి సెకనుకూ గంటకు 2 కిలోమీటర్ల వేగం పోతుంది. గేరు మారడానికి 2 సెకన్లు పడితే 4 కిలోమీటర్లు పోయినట్టే. కింది గేరు 1.35 రెట్లు చిన్నదనుకుందాం. 1400 దగ్గర దించితే కొత్త గేరులో ముల్లు మళ్లీ 1430 దగ్గరే పడుతుంది, టార్క్ నిండుగా దొరుకుతుంది. 1100 దాకా ఆగి దించితే 1030 దగ్గర పడుతుంది. కింది గేరు వేసినా లాగదు, ఇంకోటి దించాలి, ఆలోపు బండి ఆగుతుంది. ఆగిన బండిని లోడుతో ఎత్తు మీద కదిలించబోతే క్లచ్ ప్లేటు వాసన వస్తుంది. ముల్లు 1500కు దిగుతూ ఉందంటే అప్పుడే చెయ్యి గేరు రాడ్డు మీదికి పోవాలి. ఎత్తు నిటారుగా కనిపిస్తే ఒకేసారి రెండు గేర్లు దించడం మేలు.

ప్రశ్న: ఒకే బండికి ఒక చోట 224 కిలోవాట్లు, ఒక చోట 300 హెచ్‌పీ, మరో చోట 305 పీఎస్ అని రాశారు. ఏది నిజం?
– నిజామాబాద్ పాఠకుడు

జవాబు: మూడూ ఒకటే. హెచ్‌పీ అంటే 745.7 వాట్లు, పీఎస్ అంటే 735.5 వాట్లు. రెండు కంపెనీల బండ్లను పోల్చేటప్పుడు కిలోవాట్లే చూడండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. పది వేల పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ లాగడానికి 2024 మోడల్ ర్యామ్ 2500 పికప్ చూస్తున్నాం. 6.4 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కు 410 హెచ్‌పీ, 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్‌కు 370. తక్కువ హెచ్‌పీ ఉన్నదానికి ఎక్కువ డబ్బెందుకు పెట్టాలి?
– టెక్సస్ పాఠకురాలు

జవాబు: ఆ 410 దొరికేది 5600 ఆర్‌పీఎం దగ్గర. మీరు హైవే మీద రోజంతా ఆ మోతతో పోరు గదా. మీ దేశపు కొలతల్లో పౌండ్-అడుగుల టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 5252తో భాగించాలి. డీజిల్‌కు 1700 దగ్గర 850 పౌండ్-అడుగులున్నాయి, అంటే 275 హెచ్‌పీ. పెట్రోల్ ఇంజన్ గరిష్ఠ టార్క్ 429, అదీ 4000 దగ్గర. ఆ గరిష్ఠం 1700 దగ్గరే దొరుకుతుందని ఉదారంగా అనుకున్నా 139 హెచ్‌పీకి మించదు. డీజిల్ 1700 మీద చేసే పనికి పెట్రోల్ ఇంజన్ కనీసం 3400కు చేరాలి. చిన్న ఎత్తు వచ్చినా గేరు దిగి అరిచేది అందుకే.

కొలరాడో వైపు వెళ్లే ఆలోచన ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఐసెన్‌హోవర్ సొరంగం 11 వేల అడుగుల పైన ఉంది. టర్బో లేని ఇంజన్ అక్కడ పవర్‌లో దాదాపు మూడో వంతు పోగొట్టుకుంటుంది. టర్బో డీజిల్‌కు ఆ నష్టం చాలా తక్కువ.

ఏడాదికి రెండు మూడు సార్లే, అదీ టెక్సస్ చదును మీదే లాగేటట్టయితే పెట్రోల్ బండే కొనమంటాం. డీజిల్ ఇంజన్ బరువు కూడా మీ పేలోడ్‌లోంచే (బండి మోయగల బరువులోంచే) పోతుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడుతుంది, మీకది 1000–1500 పౌండ్లు. దానికి మనుషుల్ని, సామాను కలిపి, డ్రైవర్ తలుపు చట్రం మీదున్న పసుపు స్టిక్కర్ అంకెతో సరిచూశాకే అడ్వాన్సు కట్టండి. రియర్ యాక్సిల్ గేరు నిష్పత్తి 3.73, 4.10 రెండూ దొరికితే, రెండోది చక్రం దగ్గర పది శాతం ఎక్కువ టార్క్ ఇస్తుంది, ఖాళీగా తిరిగేటప్పుడు అంతే ఎక్కువ ఆర్‌పీఎం తిప్పుతుంది.

ప్రశ్న: డీజిల్ ఇంజన్ 6000 దాకా ఎందుకు తిరగదు?
– పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: సిలిండర్‌లోకి చిమ్మాక డీజిల్ గాలితో కలిసి మండడానికి కొంత సమయం కావాలి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఆ సమయం దొరకదు. ఎక్కువ కంప్రెషన్‌ను తట్టుకోవడానికి పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు బరువుగా చేస్తారు. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కూడా పొడుగే. పైన చెప్పిన కమిన్స్‌లో అది 124 మిల్లీమీటర్లు. 2800 దగ్గరే పిస్టన్ సగటున సెకనుకు 11.6 మీటర్లు పరిగెడుతుంది. 6000 అంటే దాదాపు 25 మీటర్లు. ఆ బరువుతో రాడ్లు నిలవవు.

ప్రశ్న: మొగిలి ఘాట్ దిగేటప్పుడు కొందరు లారీని న్యూట్రల్‌లో వదులుతారు. నిజంగా డీజిల్ మిగులుతుందా?
– పలమనేరు పాఠకుడు

జవాబు: ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలేస్తే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కు కాలుతూనే ఉంటుంది. ఆ ఘాట్‌లో ఎలాగూ వేగం పట్టి దించాల్సిందే కాబట్టి న్యూట్రల్‌తో మిగిలేదేమీ లేదు, బ్రేకుల అరుగుదల తప్ప.

55 టన్నుల బండి ఇందాకటి 5 శాతం వాలు మీద గంటకు 40తో దిగితే సుమారు 256 కిలోవాట్ల వేడిని ఎక్కడో ఒకచోట పారబోయాలి. ఇంజన్ ఇవ్వగల మొత్తం పవర్ కంటే ఇది ఎక్కువ. న్యూట్రల్‌లో అదంతా బ్రేక్ డ్రమ్ములే మింగాలి. అవి కాలాక పెడల్ ఎంత తొక్కినా పట్టు ఉండదు. వేగం పెరిగాక మళ్లీ గేరు వెయ్యబోతే పడదు. 20తో దిగితే పారబోయాల్సింది సగమే.

వాలు మొదలవక ముందే, ఎక్కిన గేరులో గానీ అంతకంటే ఒకటి తక్కువలో గానీ పెట్టండి. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) ఆర్‌పీఎం ఎక్కువగా ఉన్నప్పుడే గట్టిగా పట్టుతుంది, కాబట్టి దిగేటప్పుడు ముల్లు పచ్చ గీతను దాటే ఉండాలి, ఎర్ర గీతను మాత్రం తాకకూడదు. తాకబోతుంటే పెడల్ గట్టిగా తొక్కి వేగాన్ని ఒక 8 కిలోమీటర్లు దించి పూర్తిగా వదలండి, మళ్లీ పెరిగాక మళ్లీ తొక్కండి. కాలు తేలిగ్గా ఆనించి కిందిదాకా పట్టుకుంటే బ్రేక్ లైనర్లు చల్లబడే వ్యవధి ఉండదు. ఊరికే టకటకా కొడుతుంటే ఎయిర్ బ్రేక్ ట్యాంకులో గాలి అయిపోతుంది.