జనవరి 26న పిల్లాడితో, పెద్దావిడతో భువనగిరి కోట ఎక్కొచ్చా?

ఉప్పల్ నుంచి పదేళ్ల బాబుతో, అరవై దాటిన మీ అమ్మగారితో సెలవు రోజు వస్తే జనం ఎక్కువగా ఉంటారా, పైదాకా ఎక్కగలమా అని అడిగారు. మాది భువనగిరే అండి. నిశ్చింతగా రండి, కాకపోతే పొద్దున్నే రండి. సెలవు రోజు పది దాటిందంటే కాలేజీ పిల్లలు గుంపులుగా దిగుతారు. ఫొటోల కోసం మలుపు మలుపుకీ ఆగిపోతారు, వెనకవాళ్లకు దారి ఉండదు. పైగా మా ఖిల్లా గుట్ట అంటే దాదాపు 500 అడుగుల ఎత్తున్న ఒకే ఒక్క బండ. ఎండెక్కితే జనవరిలో కూడా ఆ వేడి అరికాళ్లకు తెలుస్తుంది.

మోకాళ్ల నొప్పులుంటే అమ్మగారిని మొదటి దర్వాజా దాకా మెల్లగా తీసుకెళ్లండి, చాలు. అక్కడ నీడలో కూర్చోవచ్చు. ఆ పైన బండలోనే తొలిచిన మెట్లు, తర్వాత వాలుగా ఉండే ఉత్త రాయి. రెయిలింగ్ ఉన్నచోట దాన్ని వదలొద్దు. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఆగస్టు 15న రావడం కంటే జనవరిలో రావడమే మేలు. వానకు తడిసిన బండ మీద మా ఊరివాళ్లమే అడుగు ఆచితూచి వేస్తాం.

చాలామంది పైకెక్కి, సెల్ఫీ దిగి వచ్చేస్తారు. నాకు మాత్రం ఈ కోటలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది నీళ్ల ఏర్పాటు. బావి తవ్వడం కష్టమైన బండ ఇది. అందుకే వాన నీరు వాలులో ఎటు పారుతుందో కనిపెట్టి, ఆ దారినే కాలువలు చెక్కి, రాతి గుంతల్లోకి మళ్లించారు. కాలువ అంచున చెయ్యి పెట్టి తడిమితే ఉలి గాట్లు ఇప్పటికీ తగులుతాయి. బాబుతో ఒక కాలువ వెంట గుంత దాకా నడవండి. చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటి కోట, ఆ తర్వాత కాకతీయుల చేతికి వచ్చింది, 1700ల మొదట్లో మొఘలులకు ఎదురుతిరిగిన సర్వాయి పాపన్న దీని మీదికి దండెత్తాడు అని ఆ నడకలోనే చెప్పొచ్చు. ఇంత మంది దీనికోసం ఎందుకు కొట్లాడారో గుట్ట కొసనున్న లోపలి కోట, బాలాహిస్సార్ కిటికీలోంచి చూస్తే వాడికే తెలుస్తుంది. చుట్టూ మైళ్ల కొద్దీ ఎవరొచ్చినా కనపడతారు.

2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నది ఈ బండ మీదే. ఈ మాట చెబితే ఎంత అలిసిన పిల్లలైనా లేచి నడుస్తారు, మా ఇంట్లో పిల్లలతో చూశాను.

పైన నీళ్లు దొరకవు, తలా ఒక సీసా పట్టుకోండి. ఖాళీ సీసాలు మాత్రం దయచేసి కిందికి తెచ్చేయండి. సెలవు మర్నాడు ఆ రాతి గుంతల్లో తేలే ప్లాస్టిక్ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గోడల మీద పేర్లు గీకేవాళ్లు కనిపిస్తే వద్దని చెప్పండి. మర్యాదగా చెబితే చాలామంది మానేస్తారు.

ఉప్పల్ నుంచి వరంగల్ వైపు వెళ్లే బస్సులు చాలానే ఉంటాయి. సికింద్రాబాద్ నుంచి రైల్లోనూ రావచ్చు. అదే రోజు యాదగిరిగుట్ట కూడా చూసేద్దామని పెట్టుకోకండి. సెలవు రోజు అక్కడ దర్శనం క్యూలోనే సగం రోజు పోతుంది, కోట ఎక్కిన కాళ్లతో అమ్మగారు అంతసేపు నిలబడలేరు.