కొత్తిమీర కొందరికి సబ్బు వాసన ఎందుకు వేస్తుంది?

కొత్తిమీర వేస్తే మీ అబ్బాయి సబ్బు వాసన అంటున్నాడని, అది మొండితనమా, నిజంగానే అలా ఉంటుందా అని అడిగారు. నిజంగానే ఉంటుందండీ. నాకూ చిన్నప్పటి నుంచి అంతే. పచ్చి ఆకు ఒక్కటి పంటి కింద పడితే చాలు, నోట్లో సబ్బు నురగ పోసినట్టు ఉంటుంది. ఇంట్లో మిగతావాళ్లంతా ఇష్టంగా తినేవాళ్లు కాబట్టి నావి వేషాలే అనుకునేవారు. ఉన్నమాట చెప్పినా ఎవరూ నమ్మకపోవడం పిల్లలకు చాలా కష్టంగా ఉంటుంది. అందుకే ముందు అతని మాట నమ్మండి.

మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. కొత్తిమీర ఆకుకు ఆ ఘాటు ఆల్డిహైడ్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. అదే కోవకు చెందినవి సబ్బుల్లో ఉంటాయి, నల్లులు వదిలే వాసనలోనూ ఉంటాయి. అందుకే కొందరు సబ్బంటారు, కొందరు నల్లుల కంపంటారు. 2012లో జన్యు పరీక్షలు చేసే ట్వంటీత్రీ అండ్ మీ అనే సంస్థ పరిశోధకులు పాతిక వేల మందికి పైగా జన్యు సమాచారం పరిశీలించారు. సబ్బు వాసన అన్నవాళ్లలో 11వ క్రోమోజోమ్ (కణాల్లో జన్యువులు ఉండే పోగు) మీద, వాసన పసిగట్టే జన్యువులు గుంపుగా ఉన్నచోట, ఒక తేడా ఎక్కువగా కనిపించింది. వాటిలో ఓఆర్6ఎ2 అనే జన్యువు తయారుచేసే గ్రాహకం, అంటే ముక్కులో వాసనను అందుకునే ప్రోటీన్, ఈ ఆల్డిహైడ్లను బాగా పట్టుకుంటుంది. అయితే అంతా జన్యువుల మీదే నెట్టలేం. ఆ పరిశోధనలోనే వంశపారంపర్యం పాత్ర తక్కువని తేలింది. అలవాటు ప్రభావం కూడా గట్టిదే. అదే ఏడాది కెనడాలో యువత మీద చేసిన అధ్యయనంలో కొత్తిమీర నచ్చనివాళ్లు, వాళ్ల పూర్వీకుల మూలాలను బట్టి, 3 నుంచి 21 శాతం దాకా ఉన్నారు. వంటల్లో అది ఎక్కువగా వాడే సమాజాల వాళ్లలో అయిష్టం తక్కువగా కనిపించింది.

మీకు సందేహంగా ఉంటే అబ్బాయిని ముక్కు మూసుకుని ఒక ఆకు నమలమనండి. సబ్బు వాసన దాదాపు మాయమై, ముక్కు వదలగానే మళ్లీ వస్తే తంటా వాసనతోనే అన్నమాట.

నాకు బాగా పనిచేసింది ఆకును మెత్తగా నూరి కాసేపు పక్కన పెట్టడం. నలిగినప్పుడు ఆకులోని ఎంజైములు ఆల్డిహైడ్లను మార్చేస్తాయి, ఘాటు తగ్గుతుంది. బాగా ఉడికించినా చాలావరకు ఆవిరైపోతాయి. పచ్చి ఆకు తరిగి పైన చల్లితే మాత్రం నేను ఇప్పటికీ తినలేను. ధనియాలతో నాకు ఏ ఇబ్బందీ లేదు. అదే మొక్క గింజలైనా వాటి వాసన ముఖ్యంగా లినలూల్ అనే వేరే పదార్థం వల్ల వస్తుంది. మీ అబ్బాయికి ముందు వాటితోనే మొదలుపెట్టి చూడండి.

తెలియకుండా కలిపి పెట్టడం మాత్రం వద్దు. ఈ వాసన పట్టేవాళ్లకు చిటికెడు వేసినా తెలిసిపోతుంది, తర్వాత మీరు ఏం పెట్టినా అనుమానంగానే చూస్తాడు. అతని వాటా ముందే తీసి, మిగిలినదాంట్లో చివర కొత్తిమీర వేసుకోండి.