పాచిక పడింది, ఇప్పుడేంటి?

పోయిన నెల ఈ పేజీలో కథల ఆట గురించి రాసినప్పట్నుంచి మెసేజ్‌లు బాగానే వచ్చాయి. కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా: నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు, అందులో ఒకరు జీఎం, అంటే గేమ్ మాస్టర్, ఆ లోకాన్నీ అందులో ఉండే రాజుల్నీ రాక్షసుల్నీ పూటకూళ్ళవ్వనీ అందర్నీ తనే నడిపిస్తాడు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేనిది చేస్తా" అని నోటితో చెప్తారు, అవుతుందా లేదా అని అనుమానం ఉన్న చోట డైస్ వేస్తారు. అంతే ఆట. వచ్చినవాటిలో ఐదు ప్రశ్నలు తీసుకున్నా.

ప్రశ్న: అన్నా, నేను గుంటూర్లో బీటెక్ థర్డ్ ఇయర్. సెలవుల్లో ఫ్రెండ్స్‌కి జీఎం చేద్దామని 22 పేజీల కథ రాసుకున్నా. రాజుగారి కూతురు మాయం, ముగ్గురి మీద అనుమానం, చివరికి మంత్రే దొంగ. మావాళ్ళేమో రాజు కబురు పెడితే మేం రాము పో అని, రేవులో పడవ ఒకటి కొట్టేసి ఏట్లో పడి వెళ్ళిపోయారు. పది నిమిషాల్లో 22 పేజీలు గోవిందా. వాళ్ళని వెనక్కి ఎలా తేవాలి?

జవాబు: తేవద్దు తమ్ముడూ. నేనూ అచ్చం ఇదే చేసి దెబ్బతిన్నా. నా మొదటి గేమ్‌లో వాళ్ళు పడమటికి పోతే తుఫాను తెప్పించి తూర్పుకి తిప్పా, మళ్ళీ పోతే వంతెన విరగ్గొట్టా, మూడోసారి దారికి అడ్డంగా కొండచిలువని పడుకోబెట్టా. అప్పటికి అందరికీ అర్థమైపోయింది, ఒకడు క్యారెక్టర్ షీట్, అంటే తన పాత్ర వివరాలు రాసుకున్న కాగితం, బోర్లించి ఫోన్ తీసాడు. ఆ షీట్ బోర్లించిన చప్పుడు ఇప్పటికీ గుర్తే.

నీకో పాత సంగతి చెప్తా. 1969లో అమెరికాలో మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అని ఒకాయన బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడే బ్యాచ్‌లో ఉండేవాడు. ఒకసారి బ్రౌన్‌స్టైన్ అనే ఉత్తుత్తి ఊరొకటి పెట్టి, సైన్యాలతో పాటు ఆ ఊళ్ళో మనుషుల పాత్రలు కూడా ఇచ్చాడు, ఒక్కొక్కరికి ఒక్కో పని. ఆయన వేసుకున్న లెక్క ఒకటి, జరిగింది ఒకటి. ఎవడి దారిన వాడు పోయాడు, ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి దిగాం అని వచ్చి చెప్పారు, దానికి రూలే లేదు. ఆట పాడైపోయిందనుకుని ఆయన దిగులుపడితే మిగతావాళ్ళు మళ్ళీ ఎప్పుడు ఆడదాం అని వెంటపడ్డారు. ఆ బ్యాచ్‌లోనే ఉన్న డేవ్ ఆర్నెసన్ ఆ ఐడియాని బ్లాక్‌మూర్ అనే తన ఊహల కోట మీదికి తీసుకెళ్ళాడు, తర్వాత గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట తెచ్చాడు. అంటే నీ ఆట చెడిపోయినట్టే ఒకాయన ఆట చెడిపోబట్టి ఈ ఆట పుట్టింది.

ఇక పని సంగతి. ఏం జరుగుతుందో రాసుకోకు, ఎవడికి ఏం కావాలో రాసుకో. మంత్రికి ఏం కావాలి? సింహాసనం. ఎవ్వరూ అడ్డుపడకపోతే వరసగా ఏమవుతుంది? ముందు కోటలో కాపలావాళ్ళు మారతారు, తర్వాత ఉప్పు మీద పన్ను పెరుగుతుంది, తర్వాత రాజుకి జబ్బు చేస్తుంది, ఆఖర్న రాజముద్ర మంత్రి వేలికి వస్తుంది. నాలుగు లైన్లు. డంజన్ వరల్డ్ అనే కథల ఆటలో ఇలా ముంచుకొచ్చే ముప్పుల గుంపుని ఫ్రంట్ అంటారు, నువ్వు దాన్ని చిక్కు అనుకో చాలు. మీవాళ్ళు పడవలో ఊరేగుతున్నంతసేపూ ఈ నాలుగూ ఒక్కొక్కటే జరిగిపోతుంటాయి, వాళ్ళకి అక్కడక్కడా తగులుతుంటాయి, రేవులో ఉప్పు కొనబోతే రేటు డబుల్, ఏంటయ్యా అంటే కొత్త పన్నంట బాబూ అని కొట్టువాడు. రాజు దగ్గరికి రాని వాళ్ళు ఉప్పు దగ్గరికి వస్తారు, ఎందుకంటే అక్కడ పోయేది వాళ్ళ డబ్బు.

ఇంకోటి, ఆ పడవ. వాళ్ళు కొట్టేసిన పడవ ఎవరిది? నువ్వు చెప్పకు, మీవాళ్ళలో పడవ కొట్టేసినవాణ్ణి అడుగు, "ఈ పడవని నువ్వు ఇంతకుముందు ఎక్కడో చూసావు, ఎక్కడ?" అని. వాడేదో అంటాడు, దాన్ని పట్టుకో. కానీ అసలు కూతుర్ని ఎవరెత్తుకెళ్ళారు అని మాత్రం వాళ్ళని అడగొద్దు, విప్పాల్సిన ముడిని వాళ్ళ చేతే వేయిస్తే ఇక విప్పడంలో మజా ఏముంటుంది. ఆ 22 పేజీలు పారెయ్యకు, పేర్లూ మనుషులూ పనికొస్తారు.

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఒకే ఆఫీసు వాళ్ళం, శుక్రవారం రాత్రుళ్ళు డంజన్ వరల్డ్ ఆడుతున్నాం. డైస్ బాగా పడితే ఓకే, తక్కువ పడితే "కుదర్లేదు" అని చెప్పి ఊరుకుంటున్నా, అందరూ నా మొహం చూస్తున్నారు. మధ్యలో 7 నుంచి 9 అయితే ఇంకా కన్ఫ్యూజన్. ఏం చెప్పాలి?

జవాబు: ముందు లెక్క చూద్దాం, లెక్క చూస్తే భయం పోతుంది. రెండు మామూలు డైస్ వేసి పాత్రకున్న బలం కలుపుతాం. 10 గానీ ఆపైన గానీ వస్తే పని జరిగిపోయింది, 7 నుంచి 9 అయితే జరిగింది కానీ ఏదో వదులుకోవాలి, 6 గానీ కింద గానీ వస్తే జీఎం చేతికి చిక్కారు. రెండు డైస్ 36 రకాలుగా పడతాయి. పాత్రకి ప్లస్ 1 ఉంటే అందులో 10 సార్లు పూర్తి గెలుపు, 10 సార్లు ఓటమి, 16 సార్లు ఆ మధ్యది. అంటే మీరు కన్ఫ్యూజ్ అవుతున్న దగ్గరే ఆట ఎక్కువసేపు ఉంటుంది. ఇది పొరపాటున పెట్టింది కాదు, ఆ గేమంతా దాని కోసమే కట్టారు.

మా టేబుల్ మీద జరిగింది చెప్తా. దొంగ పాత్ర, రాత్రి, నిద్రపోతున్న కావలివాడి మొలకి తాళాలగుత్తి. 4, 3 పడ్డాయి, ప్లస్ 1, మొత్తం 8. తాళాలు నీ చేతికొచ్చాయి అన్నా. చప్పుడు కూడా కాలేదు. కానీ పక్కన చాప మీద ఐదారేళ్ళ పాప లేచి కూర్చుని ఉంది, కళ్ళు నులుముకుంటూ నిన్నే చూస్తోంది, "నువ్వెవరు? నాన్నని లేపనా?" అంది.

అర నిమిషం ఎవ్వరూ మాట్లాడలేదు. కత్తి మీద చెయ్యి వేస్తాడేమో అని మిగతావాళ్ళు బిగుసుకుపోయారు. వాడు మెల్లిగా తన వేలికున్న ఉంగరం తీసి పాప చేతిలో పెట్టి, ఇది మనిద్దరి రహస్యం అన్నాడు. ఆ ఉంగరం వాళ్ళమ్మదని మొదటి సెషన్‌లో వాడే చెప్పాడు. మూడు వారాల తర్వాత విలన్ గుమ్మంలోకి వచ్చి ఏం మాట్లాడకుండా ఆ ఉంగరాన్ని టేబుల్ మీద పెట్టాడు. నేనేం ప్లాన్ చెయ్యలేదండీ, 8 పడింది అంతే.

కాబట్టి 7 నుంచి 9 పడితే వాళ్ళు అడిగింది ఇచ్చెయ్యండి, ఇచ్చి చెయ్యి చాపండి. ఇక 6 గానీ కింద గానీ పడితే "కుదర్లేదు" అనే మాట ఒక్కటి మానెయ్యండి. తాళం రాకపోవడం ఓటమి కాదు, ఏమీ మారకపోవడం ఓటమి, అదీ జీఎంది. కావలివాడు లేచాడు, లేదా తాళాలు వచ్చాయి కానీ అవి ఈ తలుపువి కావు, లేదా బయట గుర్రాల చప్పుడు. ఈ గేమ్‌లో 6 గానీ కింద గానీ పడినప్పుడల్లా ఒక ఎక్స్‌పీరియన్స్ పాయింట్, అంటే పాత్ర ఎదగడానికి పనికొచ్చే మార్కు, వస్తుంది కూడా, అందుకే మావాళ్ళు ఓడిపోయి చప్పట్లు కొడతారు. గెలిచినా ఓడినా కథ కదలదు అనుకున్న చోట అసలు డైసే వెయ్యనివ్వద్దు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళకి కూడా ఓ మాట, అక్కడ 20 ముఖాల డైస్, టార్గెట్ అందుకుంటే పాస్ లేకపోతే ఫెయిల్. కానీ ఒకటి రెండు పాయింట్లలో తప్పితే ఏదో నష్టంతో పని జరగనివ్వొచ్చు అని 2014 జీఎం పుస్తకంలోనే ఉంది. చాలామంది ఆ పేజీ దాకా వెళ్ళరు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. పిల్లలు 11, 14. ఇంట్లో తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే ఇంగ్లిష్‌లోకి పారిపోతారు. ఈ గేమ్ తెలుగులో ఆడించొచ్చా? ఆ పదాలన్నీ తెలుగు చెయ్యాలా?

జవాబు: పదాల జోలికి పోకండమ్మా. హిట్ పాయింట్స్‌ని, అంటే పాత్ర ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకెని, నేను ప్రాణబలం అని పెట్టి చూసా, రెండో వారానికి నేనే మర్చిపోయా. రూల్స్ ఇంగ్లిష్‌లో ఉండనివ్వండి, పాత్రలు మాట్లాడేటప్పుడు మాత్రం తెలుగు అని ఒక్క రూలు పెట్టండి.

తెలుగులో మనకున్న అసలు ఆయుధం పిలుపులు. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే యూ. మన పూటకూళ్ళవ్వ వచ్చినవాణ్ణి "రా నాయనా" అందా, "దయచెయ్యండి బాబుగారూ" అందా, "ఎవడ్రా నువ్వు" అందా, ఒక్క మాటతో ఆవిడెవరో వీళ్ళని ఏమనుకుంటోందో మొత్తం వచ్చేసింది, ఇంక వర్ణన అక్కర్లేదు. నేనైతే దీన్ని క్లూలాగా వాడతా. మంత్రి ఎప్పుడూ రాజుని "తమరు" అనేవాడు, ఒక రోజు కంగారులో "నువ్వు" అన్నాడు. ఒక్క ప్లేయర్ పట్టేసింది, మిగతావాళ్ళకి గంట తర్వాత గానీ వెలగలేదు. మీ పిల్లలకి మీరు, నువ్వు తేడా నేర్పడానికి ఇంతకన్నా మంచి క్లాసు ఉండదు, తప్పుగా పిలిస్తే కోటలో తల పోతుంది మరి!

కథ చెప్పడం రాదే అనుకుంటే బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. మధ్యలో కథకుడు, అటూ ఇటూ వంతలు, ఒకరు జోకులేస్తారు, ఒకరు లోకం సంగతులెత్తుతారు, ఇద్దరూ అడ్డం వచ్చి "ఆ తర్వాతేమైంది" అని లాగుతారు. మీ పిల్లలు వంతలనుకోండి, కాకపోతే ఇక్కడ తర్వాతేమైందో వంతలే చెప్తారు.

ప్రశ్న: రాజమండ్రి నుంచి రాస్తున్నా. పండక్కి అందరం కలిస్తే ఆడుతున్నాం. మా బావగారికి బాగా నచ్చేసింది, కానీ అందరి పాత్రలకీ ఆయనే జవాబు చెప్పేస్తున్నారు, మా చెల్లి నోరు తెరిచేలోపే "అది తలుపు పగలగొడుతుందిలే" అంటారు. పెద్దాయన, ఏమీ అనలేం.

జవాబు: అనక్కర్లేదు, అసలు ఆయన వైపు చూడకండి. చెల్లి పాత్ర పేరు పెట్టి, ఆమె కళ్ళల్లోకి చూసి, ఆమెకే తెలిసింది అడగండి: "మీ ఊళ్ళో ఇలాంటి తలుపు ఒకటుండేది కదా, దాని వెనకాల ఏముండేది?" ఆ ప్రశ్నకి బావగారు జవాబు చెప్పలేరు. అయినా అందుకుంటే నవ్వుతూ "బావగారూ, మీ వీరుడు ప్రస్తుతం బావిలో ఉన్నాడండీ, ఇక్కడి మాటలు వినబడవు" అనండి, ఆట భాషలో చెప్తే ఎవరికీ తప్పుగా తోచదు. దాంతో పాటు మ్యాప్ గీసే పని ఆయనకి అప్పజెప్పండి. పెన్సిలు చేతిలో ఉన్న మనిషి సగం తక్కువ మాట్లాడతాడు, ఇది నేను మా ఇంట్లోనే చూసా.

ప్రశ్న: వరంగల్. ఆడేవాళ్ళెవరూ లేరు, ఫ్రెండ్స్‌ని అడిగితే లూడోనా అంటున్నారు. ఆ వింత డైస్ కూడా దొరకట్లేదు. ఏం చెయ్యాలె?

జవాబు: ఐరన్‌స్వోర్న్ అని ఉంది, షాన్ టామ్‌కిన్ 2018లో రాసింది, పీడీఎఫ్ ఫ్రీగా ఇస్తారు, జీఎం లేకుండా ఒక్కరే ఆడొచ్చు. ఇనుము పట్టుకుని ఒట్టు పెట్టుకోవడంతో కథ మొదలవుతుంది, ఆ ఒట్టు నిలబెట్టుకోవడమే ఆట. ఒక మామూలు డైస్ వేసి నీ బలం కలుపుతవ్, దానికి ఎదురుగా పది ముఖాలవి రెండు. రెంటినీ దాటితే గెలుపు, ఒక్కదాన్నే దాటితే సగం గెలుపు, ఏదీ దాటకపోతే గడ్డుకాలం.

ఆరు ముఖాలది లూడో డబ్బాలోదే తీసుకో. పది ముఖాలవాటికి 1 నుంచి 10 దాకా చీటీలు రాసి రెండు స్టీలు గ్లాసుల్లో వెయ్, తలా ఒకటి తియ్, చూసినాక మళ్ళ అందులోనే వేసి కలుపు, లేకపోతే లెక్క తప్పుతది. నేను మొదట్ల ఏడాది దాకా గ్లాసులతోనే ఆడిన. మీ ఫ్రెండ్స్ ఇంటికొచ్చినప్పుడు ఆ గ్లాసులు టేబుల్ మీదనే ఉంచు. ఇవేంటివిరా అని ఒకడన్నా అడుగుతడు.