అమెరికాలో జ్యూరీ తీర్పు మీద అప్పీలుకి వెళ్తే సాక్షుల్ని మళ్ళీ పిలుస్తారా?

టెక్సస్ ఫెడరల్ కోర్టులో మీ బావమరిదిని జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) దోషి అంది, ఒక జ్యూరర్ (ఆ బృందంలో సభ్యుడు) కేసు గురించి గూగుల్‌లో వెతికాడని తర్వాత తెలిసింది, అప్పీల్లో కేసంతా మళ్ళీ వింటారా అనేది మీ ప్రశ్న.

వినరు. ఇక్కడ మన హైకోర్టు శిక్ష మీద అప్పీల్లో సాక్ష్యాన్ని మళ్ళీ తూకం వేస్తుంది కాబట్టి అక్కడా అంతే అనుకుంటాం. అక్కడ అప్పీల్ జడ్జీలు చూసేది ట్రాన్స్‌క్రిప్ట్, అంటే ట్రయల్‌లో అన్న ప్రతి మాటా రాసిన కాగితాలు. పేజీకి 25 లైన్లు, లైనుకో నంబరు. ఫలానా లైన్లో మీ లాయరు "అబ్జెక్షన్" అన్నాడా, ఏ కారణం చెప్పాడు, జడ్జి ఏమన్నాడు? అభ్యంతరం చెప్పకపోతే "ప్లెయిన్ ఎర్రర్" (స్పష్టంగా కనిపించే తప్పు) అనే చాలా కష్టమైన పరీక్ష దాటాలి. చెప్పినా, ఆ తప్పు వల్ల తీర్పు మారేది కాదని ప్రభుత్వం చూపిస్తే శిక్ష నిలుస్తుంది. జ్యూరీకి జడ్జి ఇచ్చే సూచనల మీద అభ్యంతరమైతే, వాళ్ళు చర్చకు లోపలికి వెళ్ళకముందే చెప్పి ఉండాలి.

గూగుల్ సంగతి వేరు. అది రికార్డులో లేదు కాబట్టి నేరుగా అప్పీల్లో పెట్టలేరు, ముందు ట్రయల్ జడ్జి దగ్గరే కొత్త ట్రయల్ కోసం మోషన్ (రాతపూర్వక దరఖాస్తు) వేయాలి. జ్యూరీ దోషి అన్న రోజు నుంచి 14 రోజులే గడువు. కొత్తగా దొరికిన సాక్ష్యమైతే 3 ఏళ్ళు. జ్యూరీ గదిలో ఎవరేం వాదించారో జ్యూరర్లు తర్వాత సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. బయటి సమాచారం లోపలికొస్తే మాత్రం మినహాయింపు, జాతి ద్వేషంతో దోషి అన్నానని ఎవరైనా స్పష్టంగా అనుంటే 2017 నుంచి ఇంకో మినహాయింపు. అయినా "ఇది వెతికాను, ఇది చదివాను" వరకే. "అందుకే మనసు మారింది" అన్నది కోర్టు వినదు. దయచేసి మీరు ఆ జ్యూరర్‌కి ఫోన్ చేయకండి. చాలా ఫెడరల్ కోర్టు జిల్లాల్లో లాయరు మాట్లాడాలన్నా కోర్టు అనుమతి కావాలి.

శిక్ష వేసి జడ్జిమెంటు నమోదయ్యాక అప్పీల్ నోటీసుకి 14 రోజులు. ఒక్క పేజీ కాగితం, అందులో కారణాలు రాయక్కర్లేదు. "వేయండి" అని లాయరుకి ఈమెయిల్లో రాతపూర్వకంగా చెప్పించండి. నోటీసు వేశాక ఇంకో 14 రోజుల్లో ట్రాన్స్‌క్రిప్ట్ ఆర్డర్ చేయాలి. జనం దెబ్బతినేది ఇక్కడే: సాక్షుల రోజులు మాత్రమే ఆర్డర్ చేసి, జ్యూరీ ఎంపిక, సూచనల మీద చర్చ వదిలేస్తారు. జ్యూరీ మీద అప్పీలుకి కావాల్సిందే ఆ పేజీలు!

లాయరే సరిగా వాదించలేదన్న ఫిర్యాదు మామూలుగా ఈ అప్పీల్లో కాదు, కేసు ఫైనల్ అయ్యాక ఏడాదిలోపు వేసే 2255 మోషన్‌లో (ఆ నంబరు ఫెడరల్ చట్టంలో సెక్షన్‌ది). ఇదంతా ఫెడరల్ లెక్క. టెక్సస్ స్టేట్ కోర్టయితే నోటీసుకి 30 రోజులు, కాలిఫోర్నియా స్టేట్ కోర్టులో ఫెలొనీకి (తీవ్రమైన నేరానికి) 60.